పిడకల రాయి

"ఏయ్ అవ్వా, ఆగు. ఏంది నువ్వు చేస్తున్న పని?"

సౌభాగ్య టీచర్ కేకకు హులిగెమ్మ చేతిలోని పేడముద్ద చేతిలోనే ఆగిపోయింది.

బడి వెనక సందులో నిలువెత్తు రాయి. దాని నిండా పిడకలు. ఒక పిడక ఊడిన చోట పాత కన్నడ అక్షరాలు తొంగిచూస్తున్నాయి.

సౌభాగ్య రాయచూరు నుంచి బదిలీ మీద, యాపలదిన్ని అవతలి ఈ చిన్న ఊరికి వచ్చి రెండు నెలలు. ప్రతి బడీ పిల్లలతో 'మా ఊరి చరిత్ర' అని ఒక పుస్తకం చేయించాలని పైనుంచి ఉత్తర్వు. మా ఊరికేం చరిత్ర ఉందని ఊళ్లో అందరూ చేతులెత్తేశారు. లేకేం, ఇదిగో పేడ కింద పడి ఉంది.

"పిడకలు కొట్టుకోనీకె నీకు గోడలు దొరకలేదా?"

"ఈ రాయికి ఎండ మంచిగ తగుల్తది టీచరమ్మా."

"ఇది శాసనం. చదువు రానోళ్ల చేతుల పడితే గిట్లనే అయితది."

ఆ మాటకు హులిగెమ్మ నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు. గొంతు తగ్గించి అంది.

"కడగొద్దమ్మా. ఉండనీ."

"ఎందుకు కడగొద్దు?"

ముసలామె చుట్టూ మూగిన పిల్లల్ని చూసింది. నోరు మూసుకుంది.

సౌభాగ్యకు ఒళ్లు మండింది. నేరుగా పంచాయతీకి పోయింది. మర్నాడే అక్కడి అటెండర్ ఈరప్ప వచ్చి, ఇంకోసారి పేడ పూస్తే కేసు అవుతుందని హులిగెమ్మకు చెప్పి పోయాడు.

పిల్లలు రెండు రోజులు నీళ్లు మోసి, కొబ్బరిపీచుతో రుద్ది, రాయిని అద్దంలా చేశారు. సుద్దపొడి అద్దితే అక్షరాలు తేటగా లేచాయి. రాయచూరు కాలేజీ కన్నడ మాస్టారు విజయేంద్ర వచ్చి చదివాడు. వందల ఏళ్ల కిందట ఎవరో సెట్టి ఈ ఊరి పిల్లల చదువుకు భూమి రాసిచ్చాడట.

"అప్పుడే మన ఊళ్ల బడి ఉండెనా టీచర్?" అంది ఏడో తరగతి నేత్ర.

సౌభాగ్యకు కళ్లు చెమ్మగిల్లాయి.

పుస్తకం అచ్చయింది. అట్ట మీద రాయి ఫొటో. లోపల నేత్ర గీసిన పటం, బస్టాండు నుంచి రాయి దాకా బాణం గుర్తులతో సహా. సౌభాగ్య దాన్ని తనకు తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. జిల్లాలో మొదటి బహుమతి కూడా వచ్చింది.

బహుమతి వచ్చిన పదిహేనో రోజు పొద్దున ఆమె బడికి వచ్చేసరికి ఊరంతా ఆ సందులోనే ఉంది.

రాయి మూడు ముక్కలై పడి ఉంది. అది నిలబడ్డ చోట నడుములోతు గుంత. గుంత చుట్టూ నిమ్మకాయలు, కుంకుమ.



"లంకెబిందెల దొంగలు టీచరమ్మా," అన్నాడు ఈరప్ప. "అక్షరాలున్న రాయి కింద బంగారం ఉంటదని వాళ్ల పిచ్చి. ఇరవై ఏండ్ల కింద దీని జోడు రాయిని గిట్లనే పలగ్గొట్టిన్రు."

"ఇన్నేండ్లు రానోళ్లు ఇప్పుడెందుకు వచ్చిన్రు?"

ఈరప్ప గుంత పక్కన దొరికిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నేత్ర గీసిన పటం. జిరాక్సు కాపీ.

సౌభాగ్య గుంత వైపు చూసింది. అక్కడ హులిగెమ్మ గొంతుక్కూర్చుని రాతి పెచ్చులు ఏరి కొంగులో వేసుకుంటోంది. కొంగు నిండాక లేచి వెళ్లిపోయింది.

"అవ్వ కడగొద్దన్నది ఇందుకేనా ఈరప్పా? ఆమెకు ముందే తెల్సా? తెలిస్తే నాకెందుకు చెప్పలే?"

"పిల్లల ముందట చెప్తే పొద్దూకేలోపల ఊరంత తెలుస్తది. ఇంగ దాచుడేముంది? నాకు గూడ ఇయ్యాలనే సమజైంది."

"ఏం సమజైంది?"

ఈరప్ప తల వంచుకున్నాడు.

"ఆమె ఇంట్ల ఆవు లేదు, బర్రె లేదు, కట్టెల పొయ్యి గూడ లేదు టీచరమ్మా, ఇరవై ఏండ్ల సంది మా కొట్టంల పేడ అడుక్కపోయి కొట్టిన పిడకలల్ల ఒక్కటి గూడ ఆమె కాల్చలే, అమ్మలే."