చేపల పంపకం

“చేపల్నీ పంచాల్సిందే!” అన్నాడు సుబల్.

పంపకాలకు పెద్దమనిషిగా వచ్చిన మేనమామ తల పట్టుకున్నాడు. శ్యాంబజార్‌లోని ఆ పాత ఇల్లు పొద్దున్నే రెండైంది. పై అంతస్తు అన్న అనాదికి, కింది అంతస్తు తమ్ముడు సుబల్‌కి. వీధివైపు మెట్లు అన్నవి. పెరట్లోంచి పై వరండా మీదుగా డాబాకి వెళ్లే ఇనప చుట్టుమెట్లు తమ్ముడివి. మంచాలు, బీరువాలు, ఆఖరికి ఆవపిండి నూరే రోలు కూడా తేలిపోయాయి. హాల్లో అక్వేరియం ఒక్కటే మిగిలింది.

“వేలెడంత లేవు. పులుసుకా, వేపుడుకా? వాటికోసం కూడా కొట్టుకుంటార్రా?” అన్నాడు మేనమామ.

“తొట్టి నేను కొన్నాను” అన్నాడు అనాది.

“చేపలు నేను తెచ్చాను. రోజూ మేత వేసిందెవరు దాదా?” అని అన్నని నిలదీశాడు సుబల్.

“నీళ్లు మార్చిందెవరు?”

“చాలు, ఆపండి! ఎనిమిదున్నాయి. నాలుగు నీకు, నాలుగు వాడికి. తొట్టి పెద్దాడిది. చిన్నాడు కొత్తది కొనుక్కుంటాడు. అయిపోయింది!”

సుబల్ వల వేశాడు. నీలిగీత మెరుస్తున్న ఎర్రతోకల నియాన్ చేపలు ఒక్కసారిగా అటు తిరిగాయి, ఒక్కసారిగా ఇటు తిరిగాయి. ఒకదాన్ని పట్టబోతే ఎనిమిదీ కలిసే పారిపోతున్నాయి. సుబల్ చొక్కా చేతులు తడిసిపోయాయి. అనాది సాయం పట్టలేదు. గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

అన్నదమ్ముల మధ్య ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి.

తొట్టి పై అంతస్తుకి చేరాక అనాదికి దిగులు పట్టుకుంది. మేత వేస్తే చాలు పైకి ఎగబడే చేపలు నాచుమొక్క వెనక నక్కి కూర్చున్నాయి. వేసిన మేత వేసినట్టే అడుక్కి దిగిపోతోంది. నీలిగీత వెలిసిపోయింది. నీళ్లు మార్చాడు. లైటు తగ్గించాడు. ఏం చేసినా అవి ఆ మొక్క చాటు వదల్లేదు.

రెండు అంతస్తుల్లోనూ అంట్లు తోమే మాలతి మాషీ గుమ్మంలోంచి తొంగి చూసింది.

“కిందవీ అంతే బాబూ. మూలకి మొహం పెట్టుకుని కూచుంటున్నాయి. చిన్నబాబు అన్నం తింటూ తింటూ లేచెళ్లి చూసొస్తున్నాడు.”

“నేనడిగానా నిన్ను?” అని కసిరాడు అనాది. ఆమె వెళ్లిపోయాక తొట్టి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆదివారం ఉదయం సంచీ పట్టుకుని చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే భార్య బీథిక అడిగింది. “ఎక్కడికి?”

“గాలిఫ్ స్ట్రీట్ సంతకి. ఇంకో నాలుగు తెస్తాను. ఇవి గుంపులో ఉంటేగానీ బతకవుట. నాలుగే ఉంటే, ఎవడొచ్చి మింగేస్తాడోనని భయపడి చస్తాయిట.”

“కింది అంతస్తులో నాలుగుండగా సంతకెందుకు?”

“వాణ్ణి చేపలడగమంటావా? నా తల తెగినా అడగను.”

“అడగమన్నదెవరు? ఇవ్వొచ్చుగా!”

అని ఆమె తడిబట్టల బకెట్టు ఎత్తుకుని డాబా మీదికి వెళ్లిపోయింది.

అనాది కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఓ కాలు చెప్పులోంచి బయటికి తీశాడు. మళ్లీ లోపల పెట్టాడు. చివరికి రెండూ వదిలేసి లోపలికి వచ్చాడు.

ఓ సీసాలో తొట్టినీళ్లే నింపాడు. మొక్క చాటున వణుకుతున్న చేపల్ని ఒక్కొక్కటే పట్టి అందులో వదిలాడు. తమ్ముడి ఎదటపడి ఇవ్వడానికి మాత్రం మనసొప్పలేదు. కిటికీలోంచి చూశాడు. సుబల్ చేతిసంచీతో పెరట్లోకి వెళ్తున్నాడు. పెరటి తలుపు తీసుకుని బజారుకే వెళ్తున్నాడనుకున్నాడు అనాది. ఇదే అదను.

పిల్లిలా వీధిమెట్లు దిగాడు. తమ్ముడి వాటా తలుపు ఓరగా తెరిచే ఉంది. వంటింట్లో మరదలు చేప వేయిస్తున్న చప్పుడు. కొత్త తొట్టి హాల్లోనే, పాతది ఉండే చోటే ఉంది. లైటు వెలుగుతోంది. బుడగలు లేస్తున్నాయి.

చేపలు లేవు.

అనాది మొక్కలు కదిలించి చూశాడు. రాళ్ల సందుల్లో చూశాడు. ఒక్కటి కూడా లేదు.

పోయాయన్నమాట. నాలుగూ పోయాయి! పక్కనే మేతడబ్బా మూత తీసి ఉంది. పాపం, ఆఖరి దాకా తినిపిద్దామనే చూసినట్టున్నాడు. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోయినా ముందు తనదగ్గరికే పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడింత జరిగినా ఒక్కడే దిగమింగుకున్నాడు. ఇదంతా తన పంతం వల్లనే.

సీసా పొట్టకి హత్తుకుని, వచ్చినదారినే పైకి వచ్చాడు. వాడు ఇంటికి రాగానే, పిలుపు లేకపోయినా కిందికి వెళ్లాలి. ఈ నాలుగూ వాడి చేతిలో పెట్టాలి. ఏమన్నా పడాలి.

తన హాల్లో అడుగుపెట్టి నిలబడిపోయాడు. చుట్టుమెట్ల వైపు వరండా తలుపు తెరిచి ఉంది. ఖాళీ తొట్టి ముందు సుబల్, రెండుచేతులతో సంచీని గుండెకి అదుముకుని, వెనక్కి తిరిగి ఉన్నాడు. అలికిడికి ఇటు తిరిగాడు. సంచీలోంచి సీసా మూత బయటికి కనబడుతోంది. కళ్లనిండా నీళ్లు.

“ఆలస్యం చేశాను దాదా! నీవి పోయాయని తెలీక... వీటితో కలిసైనా బతుకుతాయని, నా నాలుగూ నీకిచ్చేద్దామని తెచ్చాను!”