ఆరో పువ్వు

"ఆ గౌను ఇలా ఇచ్చెయ్, అత్తా!"

తలుపు తన్ని లోపలికొచ్చిన అల్లుడు, కుట్టుమిషను ముందున్న అత్త భుజం పట్టుకున్నాడు.

నడుము వదులు చేయించుకోవడానికి ఆ పాత నూలు గౌను తెచ్చిన అతని రెండో భార్య బిత్తరపోయింది.

"నా కూతురికి నేను కుట్టిన గౌనురా ఇది! మెడ చుట్టూ ఐదు పువ్వులే కుట్టాను. గుండె మీద ఈ ఆరోది ఎక్కడిది?"

అత్త కత్తెరతో ఆ ఆరో పువ్వు దారాలు తెంపింది. కింద కత్తి దిగినంత చీలిక, చుట్టూ గోధుమరంగు మరక.

"నా కూతురు లేచిపోయిందన్నావు కదరా!"

"ఎలుక కొరికిందని నాచేతే ఆ పువ్వు కుట్టించాడు," అంది రెండో భార్య.

అతని చేతులు అత్త గొంతు చుట్టూ బిగిశాయి. అత్త కళ్లు తేలేసింది.

రెండో భార్య కాలుతున్న ఇస్త్రీపెట్టె ఎత్తి అతని తలమీద మోదింది. అతను కుప్పకూలాడు.

ఊపిరి అందగానే అత్త చేతులు అలవాటుగా సూది వెతికాయి.

"వద్దమ్మా, ఆ చీలిక కుట్టకు. పోలీసులు చూడాలి."