చెవికి తాళం

ఇప్పుడు చెవిలో పెట్టుకునే మిషన్ కూడా కంపెనీ చేతిలోదే నాయనా. ఏడాది దాటితే దానంతటదే తాళం పడతాది. మళ్లా కొత్తది కొనుక్కోవాల. మనమే తాళం విప్పితే జైలు. మా మనవరాలు వరాలు కంప్యూటర్ పని చేసే పిల్ల. వాళ్లవ్వ మద్దమ్మ ఏమీ వినబడక దిగులుగా కూచుంటే చూళ్లేక, ఆ తాళం విప్పేసింది.

తాళాలు విప్పినోళ్లను పట్టుకునే తనిఖీ సారు పొద్దున్నే ఇంట్లోకొచ్చినాడు. మద్దమ్మ గోడ దిక్కు తిరిగి బియ్యం చెరుగుతాంది. ఏం వినబడినా తిరగొద్దని వరాలు ముందే చెప్పింది.

ఆయన వెనకాల నిలబడి చెంబు కింద పడేసినాడు. మద్దమ్మ కదల్లేదు. "అవ్వా, పాము!" అన్నాడు. నేను ఎగిరిపడినా గానీ ఆమె కదల్లేదు.

"మా అవ్వకు పూర్తిగా చెవుడు సార్," అంది వరాలు.

"నాకూ ఓ అవ్వ ఉండేదిలేమ్మా," అని నవ్వి, ఆయన గడప మీద కూచున్నాడు. మెల్లగా మొదలుపెట్టినాడు. "అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు ఉన్నాడంట."

మా ఇండ్లల్లో ఎవురన్నా కథ చెప్తాంటే, ఊఁ కొట్టకుండా ఎట్లుంటారు?

"ఆ రాజుకు నిద్రే పట్టదంట."

"ఊఁ," అంది మద్దమ్మ.

ఆయన కథ ఆపి లేచినాడు. బయట ఉన్న ఆడపోలీసులొచ్చి వరాలు చెయ్యి పట్టుకున్నారు. "అవ్వా!" అని అరిచింది పిల్ల.

తాను ఊఁ కొట్టిన సంగతే మద్దమ్మకు తెలీదు. తిరిగి చూస్తే పిల్లను పట్టుకపోతారని, రాయి మాదిరి గోడకేసి చూస్తా కూచుంది.