రెండో తలుపు

తనుశ్రీ డ్యూటీకి బయల్దేరుతుంటే విఠల్ తాత రోజూ అడిగే మాటే అడిగాడు. "మీ బ్లాకుల తలుపులు ఎన్నున్నయ్ బిడ్డా?"

పాశమైలారం మందుల కంపెనీలో చేరినప్పట్నుంచీ, ఏడాదిగా, ఆమె విసుక్కుంటూనే "రెండు" అనేది. ఇవాళ "ఒకటే" అంది. "సామాన్లు పోతున్నయని వెనక తలుపుకు తాళమేసినం."

విఠల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన నేవీలో ఉన్నాడు. ఓడకు దెబ్బ తగిలి అడుగు గదిలోకి నీళ్లు వచ్చాయనీ, ఇనుప తలుపు బిగుసుకుపోయిందనీ, లోపలున్న ఏడుగురు చాలాసేపు దాన్ని బాదారనీ ఇంట్లో అందరికీ చెప్పేవాడు. అక్కడితో ఆపేసేవాడు.

"లోపట ఎంతమంది ఉంటరు?"

"షిఫ్టుకు ఇరవై మంది. అందరు బిహారోళ్లు, ఒడిశోళ్లు."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

ఆమె నవ్వుతూ మెడలోని ఐడీ కార్డు తాడు పైకెత్తింది. కార్డు పక్కన కొత్త తాళంచెవి వేలాడుతోంది.

"నా దగ్గరనే. నిన్నటి సంది నేనే షిఫ్ట్ ఇన్‌చార్జిని తాతా."

"మంట లేస్తే తీస్తవా?"

"తాను చెప్పేదాకా ఏమైనా సరే తియ్యొద్దన్నడు మా సారు."

రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆమె కదలబోతే విఠల్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఓడల ఆ తలుపు బిగుసుకపోలే బిడ్డా," అన్నాడు. "నాకు గూడ తియ్యొద్దనే చెప్పిండ్రు."