హేమ ఓణీ

కాకినాడ మెయిన్ రోడ్డులో గన్నేశ్వరరావు గారి బట్టల కొట్టుకి ఒకప్పుడు సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్ ఉండేది. ఎవరికి ఏ రంగు చూపించాలో, ఎవరి దగ్గర ఏ మాట ఎత్తకూడదో, ముప్పై ఏళ్లుగా అక్కడ చీరలు పరిచిన భీమశంకరమే దానికి నేర్పాడు. రాసిచ్చిన కంపెనీ మూతపడింది. ఊళ్లో కొట్లన్నీ వాడే రెడీమేడ్‌దే ఇక్కడా పెట్టారు.

మర్నాడు పాత ఖాతాదారు నాగరత్నం గారు గుమ్మం ఎక్కగానే గోడమీది కంప్యూటర్ తెర తియ్యగా పలకరించింది. "రండమ్మా! మీ హేమకి పదహారేళ్లు నిండాయిగా, ఓణీలు చూపించమంటారా?"

ఆవిడ కూతురు హేమ పోయి నాలుగేళ్లయింది. ఆ పేరు ఎత్తొద్దని పాతదానికి భీమశంకరం మొట్టమొదట నేర్పాడు.

"బాబుగారూ, దాని నోరు మూయించండి!" అంటూ యజమాని దగ్గరికి పరిగెత్తాడు.

"మనం చెబితే వినే రకం కాదు శంకరం. అందరికీ ఒకటే అచ్చు," అన్నాడు గన్నేశ్వరరావు తల దించుకుని.

భీమశంకరం తిరిగొచ్చి చేతులు జోడించాడు. "క్షమించండమ్మా."

"ప్రతి కొట్టూ ఇదే అడుగుతోంది శంకరం గారూ," అన్నారావిడ. "పిల్ల లేదని చెప్పి చెప్పి అలిసిపోయాను. ఇప్పుడు అడిగింది కొనేస్తున్నాను. ఇక్కడైతే అడగరని వచ్చాను."

ఆవిడ ఆకుపచ్చ ఓణీ వైపు వేలు చూపించారు. అతను దాన్ని మడిచి సంచిలో పెట్టాడు.

"జాకెట్టు కొలత చెప్పండమ్మా," అంది తెర.

ఆవిడ తెరవైపు తిరిగారు. "పదహారేళ్ల పిల్లకి ఎంత పడుతుందో నాకు తెలీదు. ఆ కొలతేదో నువ్వే రాసుకో," అన్నారు.