లెక్కకెక్కని అన్నం

పెరటిగోడ మీద సత్తుగిన్నె. అందులో నిన్నటి అన్నం, నీళ్లలో నాని ఉబ్బి ఉంది.

పక్కింటి రబియా కోళ్లకు వేసే అన్నం అది.

హిమబిందు అటూ ఇటూ చూసింది. సందులో ఎవరూ లేరు.

గిన్నెలో చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. నీళ్లు పిండి నోట్లో పెట్టుకుంది.

ఉప్పు లేదు. పులిసింది కూడా.

ఇంకో పిడికెడు తీసుకుంది.

ఆమె చేతికున్న వాచీ మొగుడు సాయిరామ్ కొనిచ్చింది. పోయిన వేసవిలో చిలకలూరిపేటలో పెళ్లికి వెళ్లినప్పుడు, "ఆ లావుపాటి మేడం కొంచెం వెనక్కి" అన్నాడు ఫొటోలు తీసేవాడు. చుట్టాలంతా నవ్వారు. సాయిరామ్ నవ్వలేదు. నరసరావుపేట వచ్చేదాకా కారులో పెళ్లాంతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ వారమే వాచీ తెచ్చి, తనే ఆమె చేతికి పెట్టాడు.

"నీ మంచికే కదా బిందూ" అన్నాడు.

ఆ రోజు ఆమెకు నిజంగానే సంతోషం వేసింది.

ఎంత నడిచిందో వాచీ చెబుతుంది. ఏం తిన్నదో ఆమె ఫోన్‌లో ఎక్కించాలి. అవన్నీ ఎరువుల కొట్లో కూర్చున్న సాయిరామ్ ఫోన్‌కి చేరతాయి. తిండి ఎక్కువైతే ఎర్ర గీత పడుతుంది.

అతను ఎన్నడూ తిట్టలేదు. అన్నాల దగ్గర ఫోన్ ఆమె వైపు తిప్పి పెట్టేవాడు, అంతే. ఆమె కంచంలోంచి చెయ్యి తీసేసేది.

బరువు తగ్గింది. తగ్గినకొద్దీ అతను ఆమె తినాల్సిన లెక్క కూడా తగ్గించుకుంటూ పోయాడు.

కొట్టుకొచ్చిన మిర్చి రైతులకు ఆ ఫోన్ చూపించేవాడు. "మా ఆవిడ చానా తగ్గిందన్నా, చూడు."

రైతులు చూసేవారు.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి హిమబిందు కొట్టు వైపు వెళ్లడం మానేసింది.

మళ్లీ పిడికెడు నోట్లో పెట్టుకుందో లేదో, అవతల తలుపు చప్పుడైంది.

గుమ్మంలో రబియా. చేతిలో బకెట్.

"ఏంది బిందమ్మా?"

మింగుడు పడలేదు. మోచేతి మీదుగా కలినీళ్లు కారుతున్నాయి.

"కోళ్లకు వేద్దామని, పిన్నీ..." అంది నోటినిండా అన్నంతో.

రబియా బకెట్ కింద పెట్టింది. గిన్నె వైపు చూడలేదు.

"చెయ్యి కడుక్కోని లోపలికి రా. ఇప్పుడే టమాటా పప్పు దించా."

"వద్దు పిన్నీ. ఆకలిగా లేదు."

"నాకుంది. ఒక్కదాన్నే తినబుద్ధి కాదు. రా."

హిమబిందు తలెత్తకుండా తిన్నది. రబియా వడ్డిస్తూనే ఉంది. ఏమీ అడగలేదు.

అడిగితే బాగుండుననిపించింది. అబద్ధమైనా చెప్పుకోవడానికి ఉండేది.

సాయంత్రం సాయిరామ్ వచ్చాడు. కాళ్లు కడుక్కుని కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాడు.

"మధ్యాహ్నం ఏం ఎక్కించలేదేంది?"

"రబియా పిన్ని వాళ్లింట్లో అన్నం తిన్నాను."

"ఎంత?"

"కడుపునిండా."

అతను ఫోన్ పక్కన పెట్టాడు.

"ఒకళ్లింటికి పోయి కంచం ముందు కూర్చున్నావా? ఆమె ఏమనుకుంటది? నేను నీకు తిండి పెట్టట్లేదనుకోదూ?"

ఆమె నేలచూపులు చూస్తూ అంది:

"అనుకునే పని లేదండీ. చూసింది."

సాయిరామ్ ఆమె మొహంలోకి చూశాడు.

ఏం చూసిందని మాత్రం అడగలేదు.