చెట్లలో మూడు నిమిషాలు

టక్.

డిస్కు మళ్ళీ చెట్టుకే తగిలింది. తగిలి, పక్క పొదల్లోకి జారుకుంది.

"ఇన్ని చెట్లు ఎవరు నాటారండీ ఇక్కడ?" సిమెంటు దిమ్మె మీద కాలు దబ్బున కొట్టింది పళ్ళ డాక్టరమ్మ.

"ఎవరూ నాటలేదు. అడవి," అన్నాడు సంచీ మోస్తున్న భర్త. "రోజంతా ఇరుకు నోళ్ళలో పనిచేస్తావు. ఈ సందు అంతకన్నా వెడల్పేగా?"

"ఆ నోళ్ళకి ముందు మత్తు సూది వేస్తాను. మీకూ వెయ్యనా?"

ఆయన సంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

డిస్క్ గోల్ఫ్ చెప్పుకోవడానికి సులువైన ఆటే. దిమ్మె మీంచి డిస్కు విసరాలి. పడిన చోటి నుంచి మళ్ళీ విసరాలి. చివరికి గొలుసుల బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో ముగించినవాళ్ళదే గెలుపు.

కాకపోతే ఇక్కడ దిమ్మెకీ బుట్టకీ మధ్య నిండా చెట్లే. వాటి నడుమ గుమ్మమంత సందు.

పొదల్లో పడ్డ డిస్కు మూడు నిమిషాల్లో దొరక్కపోతే ఒక విసురు జరిమానా. పైగా మళ్ళీ దిమ్మె మీంచే మొదలు.

క్లబ్బు జట్టులో ఆడవాళ్ళకి మిగిలింది ఒక్క చోటు. రెండేళ్ళుగా అది డాక్టరమ్మకి చేతిదాకా వచ్చి జారిపోతోంది. ఈసారి పోటీ లెక్కల టీచరుతో. టీచరు ముందు గుంపులో ఆడుతోంది. పదకొండు బుట్టలయ్యేసరికి ఇద్దరూ సమానం.

"ఇక్కడుందమ్మా!" పొదల్లోంచి కేక.

రబ్బరు బూట్ల పెద్దాయన. మూడో బుట్ట దగ్గర ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, అప్పట్నుంచీ వదల్లేదు. ఆవిడ విసిరేలోపే చెట్లలోకి వెళ్ళి నిలబడతాడు. డిస్కు ఎక్కడ పడితే అక్కడ ప్రత్యక్షం.

ఊరికే ఉంటాడా, అదీ లేదు.

"కాస్త మెల్లగా వెయ్యండమ్మా. బలం ఎక్కువై పక్కకి తిరిగిపోతోంది."

"ఆ డిస్కు వద్దమ్మా. అంచు మందంగా ఉన్నది తీసుకోండి. దూరం పోదు గానీ తిన్నగా పోతుంది."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడక్కుండానే వడ్డిస్తున్నాడు. డాక్టరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

పదమూడో దిమ్మె.

"చెట్టు వైపు చూడకండమ్మా. చూసిన చోటికే చెయ్యి పోతుంది."

టక్.

"మీరు చూడొద్దనబట్టే చూశాను!" ఒంటికాలి మీద లేచింది ఆవిడ. "అసలు మీకు వేరే పనేం లేదా?"

"లేదమ్మా. రిటైరయ్యాను."

భర్తకి ఎక్కడలేని దగ్గు వచ్చింది.

"అటు చూస్తే నాకు మీ బట్టతలే కనిపిస్తోంది, సందు కనిపించట్లేదు. మీకో దణ్ణం. మా వెంట రాకండి."

"సరేనమ్మా," అన్నాడు పెద్దాయన. ఆకుల కింద నక్కిన డిస్కుని వేలితో చూపించి, కాలిబాట పట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నాలుగు బుట్టల దాకా చెట్లు కాస్త పలచన. డిస్కు ఒక్కసారి కూడా టక్ అనలేదు.

"చూశారా? దోషం ఎవరిదో!"

భర్త తలూపాడు. పెళ్ళై పదహారేళ్ళు. ఎక్కడ తలూపాలో ఆయనకి తెలుసు.

పద్దెనిమిదో దిమ్మె. ఆఖరిది, అన్నిటికన్నా ఇరుకు.

భర్త ఫోను చూశాడు. "టీచరు ముగించేసింది. నువ్వు మూడు విసుర్లలో వేస్తే చోటు నీదే. నాలుగైతే ఇద్దరూ మళ్ళీ ఆడాలి. ఐదైతే..."

"ఐదు మాటెత్తకండి."

ఉన్నవాటిలో వేగంగా పోయే డిస్కు తీసి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

టక్. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఎటు పోయింది?"

"నేను నిన్నే చూస్తున్నా. డిస్కుని చూళ్ళేదు."

"ఇన్నేళ్ళకి ఇప్పుడా నన్ను చూడ్డం!"

తనతో ఆడుతున్న ఇద్దరు ఆడవాళ్ళూ, భర్తా, తనూ. నలుగురూ పొదలన్నీ దులిపారు. ఆకులు తిరగేశారు. ముళ్ళు గుచ్చుకున్నాయి గానీ డిస్కు దొరకలేదు.

మూడు నిమిషాలూ అయిపోయాయి.

డాక్టరమ్మ దిమ్మె మీదికి తిరిగొచ్చింది. ఈసారి మందం అంచు డిస్కు తీసింది. మెల్లగా వేసింది. సూదిలో దారం దూరినట్టు సందులోంచి దూరిపోయింది.

ఇంకో రెండు విసుర్లకి బుట్టలో పడింది.

జరిమానాతో కలిపి మొత్తం ఐదు.

ఆ కోపమంతా క్లబ్బు కార్యదర్శి బల్ల మీద పడింది.

"డిస్కు ఎటు పడిందో చూడ్డానికి చెట్లలో ఒక్క మనిషినైనా పెట్టలేరా?"

"అందర్నీ అడిగామండీ. ఎండలో ఎవరొస్తారు? పాపం ఒక్కాయనే వచ్చారు."

"ఎవరు? ఆ బూట్లాయనా?"

"ఆయనే. ముందు గుంపుతో వెళ్ళమన్నాం. వెనక గుంపులో ఒకావిడ డిస్కులన్నీ పొదల్లోకే పోతున్నాయి, అవసరం అక్కడే ఉంది అన్నారు."

డాక్టరమ్మ బల్ల మీంచి చెయ్యి తీసేసింది.

ఇంతలో పెద్దాయనే వచ్చాడు. చొక్కా నిండా ఎండుటాకులు, చేతిలో ఆవిడ డిస్కు.

"పోయిందని తెలిసి వెళ్ళి వెతికానమ్మా. వేరు కింద తొర్రలో దూరింది. నేనక్కడుంటే కనబడేదే."

ఆవిడ రెండు చేతులా అందుకుంది. ఆయన భుజం మీది ఎండుటాకు ఒకటి తీసి పడేసింది.

బయట కారు తలుపు తెరిచి లెక్కల టీచరు పిలిచింది, "నాన్నా, ఇక ఇంటికెళ్దామా?"